తొండల వల్ల ఏం లాభం

నేను తొండల మీద పరిశోధన చేస్తున్నానని చెబితే ఎవరైనా ముందు నవ్వేవాళ్ళు. నవ్వడం అయ్యాక అందరూ ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు. మా అన్న మాత్రం నవ్వు మీద టైము వృథా చెయ్యకుండా నేరుగా ప్రశ్నకే వచ్చేవాడు.

"సరేమ్మా, అవి తల ఊపుతాయి. నువ్వు చూస్తావు. దాన్నుంచి ఏమొస్తాది?"

నేను చందానగర్‌లో అన్నావదినల ఇంట్లో ఉంటూ యూనివర్సిటీకి వెళ్ళివచ్చే రోజులవి. మాది అనంతపురం పక్క. అన్న మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. తను అడిగేది వెటకారానికి కాదు. చెల్లెలు తెలివైనదని నలుగురిలో చెప్పుకుంటాడు, ఆ నలుగురూ అడిగేదానికి తన దగ్గర జవాబుండదు. అందుకని ఆ జవాబేదో నేనే అందిస్తే బాగుండునని ఆశ.

యూనివర్సిటీ వెనక, గోపన్‌పల్లి వైపు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పెద్ద పెద్ద బండలు అప్పటికింకా మిగిలి ఉన్నాయి. వాటి మీద ఉండే తొండలే నా పని. మామూలప్పుడు బండ రంగులోనే కలిసిపోయి కనిపించవు. వానలకు ముందు మగవాటికి వీపు ఎర్రబడుతుంది, పక్కలు నల్లబడతాయి. ఒక్కో మగతొండ ఒక్కో బండను తనదనుకుని పైకెక్కి కూర్చుంటుంది. ఇంకో మగది కనిపిస్తే ముందుకాళ్ళ మీద లేచి తల ఊపుతుంది. మనల్నే వెక్కిరిస్తోందని పిల్లలు రాళ్ళు విసురుతారు. నేను తెలుసుకోవాలనుకున్నది చాలా చిన్న విషయం. పక్క బండ మీద చాన్నాళ్ళుగా ఉంటున్న తొండను చూసి ఊపడం, ఎక్కడినుంచో కొత్తగా వచ్చినదాన్ని చూసి ఊపడం ఒకే తీరుగా ఉంటాయా? పొరుగువాడెవరో పరాయివాడెవరో దానికి తెలుస్తుందా?

ఆ ప్రశ్న ఎందుకు పట్టుకుంది అంటే చెప్పలేను. ఒకసారి చూశాక వదల్లేదు, అంతే.

ఆ చలికాలంలోనే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను కూడా అంటుకుంది. గేటు దగ్గర టెంటు వేశారు. రోజూ ఎవరో ఒకరు నిరాహారదీక్షలో కూర్చునేవారు. పొద్దున లేవగానే టీవీలో కింద పోయే అక్షరాలు చూసి బస్సులున్నాయో లేవో తెలుసుకోవడం అలవాటైంది. మా ఇంట్లో ఆ అక్షరాలను అన్న ఒక రకంగా చదివేవాడు, నేను ఇంకో రకంగా. గోపన్‌పల్లి దగ్గర ఫ్లాటు కొనాలని అన్నకు కోరిక. కొనాలా, ఆగాలా, రేపు మనల్ని ఇక్కడ ఉండనిస్తారా అని తినేటప్పుడూ అదే ఆలోచన. నా బండల పక్కన కూడా ఒక బిల్డరు బోర్డు పాతి ఉండేది. కొనేవాళ్ళు వెనకాడడంతో పని ఆగిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. ఊరంతా ఆందోళనగా ఉంటే నా తొండలు నిశ్చింతగా ఎండ కాచుకుంటున్నాయి. అది నాకు సంతోషంగానూ ఉండేది, ఏదో తప్పు చేస్తున్నట్టుగానూ ఉండేది.

ల్యాబులో నా పక్క టేబులు నా స్నేహితురాలిది. నల్లగొండ పిల్ల. ఊళ్ళలో బోరునీళ్ళు పట్టుకొచ్చి ఫ్లోరైడు ఎంతుందో చూడటం తన పని. తనను ఎవరూ ఏం లాభమని అడిగేవాళ్ళు కాదు. ఆ నీళ్ళు తాగే వాళ్ళ పెద్దమ్మకు నలభై దాటకుండానే నడుం వంగిపోయి, కాళ్ళు వంకరపోయాయి. నా స్నేహితురాలు పొద్దున ల్యాబులో పనిచేసి, మధ్యాహ్నం టెంటు దగ్గరికి వెళ్ళి నినాదాలిచ్చి, గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేది.

నేను ఏం చూస్తున్నానో మొదటిసారి వివరంగా చెప్పినప్పుడు తను పడీ పడీ నవ్వింది.

"ఏందే, మీ తొండలల్ల గూడ లోకల్ నాన్-లోకల్ ఉన్నయా?"

"అదే చూస్తున్నా."

"చూడు చూడు. తేలినంక నాకే ముందు చెప్పాలె."

ప్రతి ఏడూ మా ఫెలోషిప్ కొనసాగించాలా వద్దా అని ఒక కమిటీ చూసేది. ఆ ఏడు నన్ను పిలిచినప్పుడు నేను ఫోటోలు చూపించి, ఏం గమనించానో చెప్పాను. అందరూ శ్రద్ధగానే విన్నారు. చివర్లో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"చక్కగా చెప్పావమ్మా. దీనివల్ల సమాజానికి ఉపయోగం ఏమిటి?"

"తెలియనిది తెలుస్తుంది సార్."

"తెలియనివి కోటి ఉంటాయి. ఇదే ఎందుకు? జనం కట్టే పన్నులతో నువ్వు ఈ పని చేస్తున్నావు. వాళ్ళకు ఏం చెబుతావు?"

కోపం తెచ్చుకుని ఏదైనా అందామనుకున్నాను. కానీ ఆయన అడిగింది న్యాయంగానే అనిపించింది. మా ఊళ్ళో వేరుశెనగ పీకడానికి వచ్చే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నూనె కొన్నా సబ్బు కొన్నా వాళ్ళు కూడా పన్ను కడతారు కదా. వాళ్ళ ముందు నిలబడి, నేను బండ మీద కూర్చుని తొండలు చూస్తున్నాను అని ఎలా చెప్పను? ఉపయోగం ఏమిటో రాసి మళ్ళీ ఇవ్వమని పంపేశారు.

మా గైడుగారిది గోదావరి జిల్లా. నా మొహం చూసి కుర్చీ చూపించారు.

"చూడమ్మా, దీనికింత బెంగ ఎందుకు? ఒక్క లైను పెట్టండి. కాలిపోయే బండ మీద ఈ జీవి ఎలా తట్టుకుంటుందో తెలిస్తే, వేడిని తట్టుకునే రంగులు తయారుచెయ్యొచ్చు అని. గోడలకు వేస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. అయిపోయింది."

"నేను చూసేది దాని గురించి కాదు కదండీ."

"వాళ్ళకి మాత్రం తెలీదంటారా? అందరూ రాస్తారండి. నేనూ రాశాను. ఆ లైను గేటులాంటిది. దాటి లోపలికొచ్చాక మీ పని మీరు చేసుకుంటారు."

ఆయన నా మంచికే చెప్పారు. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లైను టైపు చేశాను. చదివితే బాగానే ఉంది. తుడిపేశాను. మళ్ళీ చేశాను. లేచి మంచినీళ్ళు తాగి, బాల్కనీలో ముంబై హైవే మీద పోయే లారీలు చూసి, మళ్ళీ వచ్చి తుడిపేశాను. అబద్ధం ఆడటం నాకు రాదని కాదు. ఆ వాక్యం అక్కడుంటే, ఇన్నాళ్ళూ ఎండలో కూర్చుని చూసినదంతా ఒక రంగు డబ్బా కోసం చూసినట్టు అయిపోతుందనిపించింది. అట్లాగని వేరే వాక్యం దొరికిందా అంటే అదీ లేదు. ఆఖరికి, ఉపయోగం ఉంటుందో లేదో ఇప్పుడు చెప్పలేను అని రాసి ఇచ్చాను. ఫెలోషిప్ ఆగిపోయింది.

అన్న తప్పుపట్టలేదు. నెల తిరక్కుండా మాదాపూర్‌లో తనకు తెలిసిన కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చూపించాడు. పీహెచ్‌డీని పార్ట్‌టైముకు మార్చుకుని చేరాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు బండలు.

ఆ ఆఫీసులో నాకొచ్చిన పని ఎక్కడో విదేశంలో ఉన్న బీమా కంపెనీది. పాలసీదారులు ఇల్లు మారితే చిరునామా మార్చుకోవడానికి ఒక స్క్రీను. దాన్ని అన్ని రకాలుగా నొక్కి చూసి, ఎక్కడ తప్పు చేస్తుందో చెప్పాలి. బంద్ ఉంటుందని తెలిస్తే కంపెనీ క్యాబ్ తెల్లారకముందే వచ్చి ఎక్కించుకుపోయేది. రోడ్డు మీద టైర్లు కాలుతున్న రోజున కూడా మేము ఏసీలో కూర్చుని ఆ స్క్రీను నొక్కుతూనే ఉన్నాం. ఇది ఆగకూడదు, ఎవరికో చాలా అవసరం అని నేనూ నమ్మాను.

ఏడాది కావస్తుండగా ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. క్లయింటు మనసు మార్చుకున్నాడట, ఆ స్క్రీను వాడటం లేదట. మా మేనేజరు అందరినీ హోటల్‌కు తీసుకెళ్ళి బిర్యానీ తినిపించాడు. బాగా చేశారని మెచ్చుకున్నాడు కూడా. అంతమంది అంతకాలం చేసిన పని ఒక మెయిల్‌తో గాలిలో కలిసిపోతే, దీనివల్ల ఏం లాభం అని ఒక్కరూ అడగలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ అన్నను నేను అడిగాను.

"మరి దీన్నుంచి ఏమొచ్చింది అన్నా?"

"జీతం వచ్చింది కదమ్మా. క్లయింటు కట్టినాడు, కంపెనీకి వచ్చింది, నీకొచ్చింది."

"నా తొండలకు కూడా ఎవరో కట్టినారు కదా మరి?"

"అది జనాల దుడ్లు. ఇది క్లయింటువి. వాని దుడ్లు వాడు పారేసుకుంటాడు, మనకేమి?"

తను చెప్పింది తప్పని నేను అనలేకపోయాను. కానీ అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. వదిన ఏమైందని అడిగింది. ఏం కాలేదన్నాను. ఏమైందో నాకూ తెలీదు.

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగాక బస్సులు పూర్తిగా ఆగిపోయాయి. శనివారం పొద్దున్నే షేర్ ఆటో దొరికినంత దూరం వెళ్ళి, అక్కడినుంచి నడిచి బండల దగ్గరికి పోయేదాన్ని. అలా నడుస్తూ గేటు ముందు టెంటు దాటుతుండగా నా స్నేహితురాలు చూసి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"రా, జరసేపు మాట్లాడు. గా తొండల ముచ్చట చెప్పు. మావోళ్ళందరికీ చెప్పిన, వినాలె అంటున్నరు."

"ఏమని చెప్పేది? ఇంకా ఏం తేల్లేదు."

"తేలేదేముందే? బయటికెల్లి ఇంకోటొస్తే, ఉన్నది తన జాగ కోసం కొట్లాడ్తది. గదే చెప్పు. సైన్స్ గూడ మా దిక్కే ఉన్నదని తెలుస్తది."

మైకు నా చేతిలో పెట్టేశారు. టెంటు కింద చాలామంది కూర్చుని ఉన్నారు. దీక్షలో ఉన్నవాళ్ళు తలగడలకు ఆనుకుని నా వైపు చూస్తున్నారు. నేను నోరు తెరవగానే నా యాస ఎక్కడిదో వాళ్ళకు తెలిసిపోతుంది.

"తొండలు తల ఊపుతాయి," అన్నాను. "పాత పొరుగుదాన్ని చూసి ఒక తీరుగా, కొత్తదాన్ని చూసి ఇంకో తీరుగా ఊపుతాయేమోనని చూస్తాండాను. అట్లా చేస్తాయో లేదో నాకింకా తెలీదు. తెలిసినా, అవి తొండలు. మీరు అడిగేదానికి వాటి సాక్ష్యం అక్కరలేదు అనుకుంటాను."

వెనక నుంచి ఎవరో, "అక్కా, గవి అనంతపురం తొండలా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఎవరో మంచినీళ్ళ ప్యాకెట్ ఇచ్చారు. నా స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. నాతో పాటు రోడ్డు దాకా వచ్చి ఆగింది.

"ఒక్క మాట చెప్తే ఏంబోతుండె నీకు?"

"నిజం కాదు కదే."

"నీకు అన్నీ నిజాలే కావాలె. మేము సస్తుంటె గూడ నువ్వు బండ మీద కూసోని నిజం కోసం చూస్తవు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ రోజు బండ మీద కూర్చున్నానే కానీ ఏమీ చూడలేదు. ఒక తొండ నా ఎదురుగానే చాలాసేపు ఊపింది. దేన్ని చూసి ఊపిందో రాసుకోవాలని కూడా తోచలేదు.

తర్వాత కొన్నాళ్ళకు అన్న ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చారు. అందరూ మా వైపువాళ్ళే. మాటల్లో నా తొండలు వచ్చాయి. వాళ్ళలో ఒకాయన ఉత్సాహంగా ముందుకు వంగాడు.

"అంటే కొత్తగా వచ్చింది కూడా కొన్నాళ్ళుంటే పొరుగుదైపోతుందన్నమాట! అప్పుడు దాన్ని చూసి ఊపదు! భలే ఉందే. మేము ఇరవై ఏండ్లుగా ఇక్కడే ఉండాము కదా. ఇది పేపర్లో రాయమ్మా నువ్వు!"

నేను టెంటు కింద చెప్పిన జవాబే చెప్పాను. ఇంకా తేలలేదని, తేలినా అవి తొండలేనని. ఆయన మొహం కూడా అచ్చం నా స్నేహితురాలి మొహంలాగే వాడిపోయింది. కమిటీకి రంగు డబ్బా కావాలి. వీళ్ళకు సాక్ష్యం కావాలి, టెంటువాళ్ళకూ సాక్ష్యమే కావాలి. తొండ ఎందుకు ఊపుతుందో మాత్రం ఎవరికీ అక్కరలేదు. కోపంగా వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ గిన్నెలు సర్దుతూ ఉండగా, నాకు మాత్రం ఏం హక్కుంది, వాళ్ళ బతుకు భయం వాళ్ళది కదా అనిపించి కోపం కూడా నిలవలేదు.

మరుసటి వేసవికి నా లెక్కలు ఒక కొలిక్కి వచ్చాయి. తేడా కనిపించలేదు. పొరుగుదైనా పరాయిదైనా నా బండల మీది తొండలు ఒకే తీరుగా ఊపాయి. కాకపోతే బండ బాగా కాలితే తక్కువ, నీడ దగ్గరుంటే ఎక్కువ. అంతే. ఇన్నాళ్ళ పనికి తేలింది, ఎండగా ఉంటే అవి పెద్దగా ఊపవని. గైడుగారు చదివి, "లేదని తేలడం కూడా తేలడమేనండి," అన్నారు. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

ముందుగా చెబుతానని మాటిచ్చింది నా స్నేహితురాలికే. టెంటు దగ్గర గొడవయ్యాక మేము సరిగ్గా మాట్లాడుకోలేదు. ఫోన్ చేసి బండల దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది. మనిషి చిక్కిపోయింది. చెప్పిందంతా వింది.

"అంటే మాకూ పనికిరాలే, మీకూ పనికిరాలే," అంది. తర్వాత చిన్నగా నవ్వింది. "పాపం, తొండలు."

తను కూడా ఒక విషయం చెప్పడానికే వచ్చింది. నీళ్ళ ఫలితాలన్నీ పట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్ళిందట. అక్కడి అధికారి మంచివాడే. కూర్చోబెట్టి టీ ఇప్పించాడట. ఆ తర్వాత బీరువా తెరిచి అవే ఊళ్ళ మీద, అదే సంగతి చెప్పే పాత రిపోర్టులు చూపించాడట.

"నేను పుట్టకముందు రాసినయి గూడ ఉన్నయే. మస్తు మంచిగ చేసిన్రు. అన్నిట్ల గిదే ఉన్నది, నీళ్ళు తాగొద్దని. మా పెద్దమ్మ ఇయ్యాల గూడ గవే తాగుతున్నది." కాసేపు బండ మీద గోటితో గీస్తూ కూర్చుంది. "నా పని పనికొచ్చేదే. దాన్ని వాడుకునేటోడేడి? గందుకే రాష్ట్రమొస్తెనన్న వాడుకుంటరేమో అని టెంటు కింద కూసున్న."

"థీసిస్ ఇవ్వవా?"

"ఇయ్య. ఇంకోటి రాసి బీరువల పెట్టుమంటవా?"

నాకు భయం వేసింది. లాభం లేని పని చేస్తున్నాననే బాధలో ఇన్నాళ్ళూ తన టేబులు వైపు చూసి కాస్త అసూయపడేదాన్ని. లాభమున్న పని చేస్తే మనసు కుదురుగా ఉంటుందనుకున్నాను. తను నాకంటే కుదురు లేకుండా ఉంది. ఇవ్వమని బతిమాలాను, తిట్టాను కూడా. వినలేదు. ఆ నెలలోనే హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

రాష్ట్రం వచ్చింది. క్యాంపస్‌లో రంగులు చల్లుకున్నారు, టపాకాయలు కాల్చారు. అన్న కొన్ని నెలలు అటూ ఇటూ ఊగి, ఏం కాదని తేలాక, గోపన్‌పల్లి ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చాడు. నా బండల పక్కన బోర్డుకు కొత్త రంగు వేశారు. డ్రిల్లింగ్ మిషన్లు వచ్చాయి. ఒక ఆదివారం వెళ్ళేసరికి నేను కూర్చునే బండ లేదు. చుట్టూ తెల్లటి రాతిపొడి. పగిలిన ముక్కల మీద ఒక తొండ అటూ ఇటూ పరుగెత్తుతోంది. అన్నకు ఫోన్ చేసి అరవాలనిపించింది. ఏమని అరవను? ఫ్లాట్లు కొన్నవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

నేను థీసిస్ ఇచ్చాను. చివరి వైవాకు నల్లగొండ నుంచి నా స్నేహితురాలు వచ్చింది. అప్పటికి అక్కడ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు బాగుందన్నారు. అంతా అయిపోయిందనుకుంటుండగా వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థి.

"మేడం, ఇప్పుడు మనకు కొత్త రాష్ట్రం వచ్చింది. దీనివల్ల రాష్ట్రానికి ఏమన్న ఉపయోగం ఉంటదా?"

హాలంతా నా వైపు తిరిగింది. అన్న కూడా వచ్చి ముందు వరసలో కూర్చుని ఉన్నాడు.

"ఆ బండలు ఇప్పుడు లేవు," అన్నాను. "అవి ఉన్నప్పుడు వాటి మీద ఏం జరిగేదో ఒకరు చూశారు. ఇప్పటికి అంతవరకే చెప్పగలను."

చప్పట్లు కొట్టారు. టీ టైము కూడా అయింది. అన్న వచ్చి భుజం తట్టి, "బాగా చెప్పినావు," అన్నాడు. నా స్నేహితురాలు బయట చెట్టు కింద సమోసా తింటూ అదే మాట అంది.

"మంచిగ చెప్పినవే."

"చెప్పలేదు. తప్పించుకున్నా. ఆ పిల్ల అడిగింది అది కాదు."

"మరి ఏం చెప్తుంటివి?"

"అదే తెలీడం లేదు."

ఆమె బస్సు టైము అవుతోందని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, తన థీసిస్ కాగితాలు ఇంకా పారెయ్యలేదని చెప్పింది. ఎందుకు చెప్పిందో నేను అడగలేదు. అన్న కారులో రమ్మన్నాడు. నేను బస్సులో వస్తానన్నాను. ఆ పిల్ల ప్రశ్న పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. లింగంపల్లి వచ్చేలోపు దానికొక జవాబు కుదిరింది, మాటలు కూడా చక్కగా అమరాయి. దిగి చందానగర్ మార్కెట్లో కూరగాయల బండ్ల మధ్య నడుస్తూ ఇంకోసారి చెప్పుకుని చూశాను. నచ్చలేదు.